పన్నెండేళ్ళ సైజు

ఆదివారం మధ్యాహ్నం రెండు గంటలకు అట్టలమ్మ మూడో బట్టల కొట్టు మెట్లెక్కుతోంది. కాళ్ళు పీకేస్తున్నాయి, కడుపులో ఆకలి కరకరలాడుతోంది, వెనకాల కూతురు రెండు మెట్లకొకసారి ఆగి "ఇంటికెళ్ళిపోదామమ్మా" అంటోంది. ఒక్క గౌను. నగలా, నట్రా? ఒకే ఒక్క గౌను కొనడానికి పొద్దున తొమ్మిదింటికి బయల్దేరిన మనుషులు, ఇప్పటికి కొన్నది ఒక మంచినీళ్ళ సీసా.

అట్టలమ్మ అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వినపడదు. రెడీమేడ్ బట్టలు కుట్టే కంపెనీలో, పిల్లల సెక్షన్‌లో ఇరవై రెండేళ్ళుగా ఆమె పని అట్టలు కోయడం. గౌను కుట్టాలంటే ముందు దానికి అట్టలు కావాలి. ముందు భాగానికొకటి, వెనక భాగానికొకటి, చేతులకొకటి, కాలరుకొకటి. ఆ అట్టలు గుడ్డ మీద పరిచి గీతలు గీస్తే, కరెంటు కత్తితో ఒక్క ఊపులో వంద పొరలు కోసేస్తారు. అట్టలో అర అంగుళం తప్పు పడిందంటే వెయ్యి గౌన్లలో ఆ తప్పు కూర్చుంటుంది. అందుకని ఆ కంపెనీలో మేనేజరు సైతం ఆమెను కాస్త మర్యాదగానే "అట్టలమ్మా" అని పిలుస్తాడు.

అలాంటి మనిషి కన్నకూతురికి ఒక గౌను దొరకడం లేదు! చెప్పుకుంటే నలుగురూ నవ్వరూ?

కూతురి ముద్దుపేరు చిట్టి. ఆ పేరు పెట్టినవాళ్ళందరూ ఇప్పుడు తలెత్తి దానితో మాట్లాడాల్సి వస్తోంది, అది వేరే సంగతి. ఇంకా పన్నెండు నిండలేదు. చిన్నప్పుడు బస్సులో కూర్చుంటే దారి పొడుగునా కొట్ల బోర్డులన్నీ బస్సంతా దద్దరిల్లేలా చదివిన పిల్ల. ఈ తొమ్మిది నెలలుగా నోరు మెదపడం మానేసింది. భుజాలు ముందుకు ముడుచుకుని, పుస్తకాల సంచి వీపుకి బదులు గుండెకు హత్తుకుని నడుస్తోంది. క్లాసులో చివరి బెంచీకి మారిపోయింది. ఎందుకే అంటే "ఊరికే" అంటుంది.

అలాంటిది పోయిన వారం బడి నుంచి పరుగెత్తుకుంటూ వచ్చింది. శుక్రవారం బడి వార్షికోత్సవం. మైకు పట్టుకుని బహుమతులొచ్చిన పిల్లల పేర్లు పిలిచే పని టీచరు దీనికే ఇచ్చింది. ఆ పూట తల్లికి తన పాత కూతురు తిరిగి ఇంటికొచ్చినట్టనిపించింది. అయితే ఒక మెలిక ఉంది. ఆ రోజు యూనిఫాం కాదు, మంచి బట్టలు వేసుకుని రావాలి. బీరువా తీస్తే పిల్లకు పట్టే మంచి బట్ట ఒక్కటి లేదు. అంతే, ముఖం మళ్ళీ ముడుచుకుంది.

"ఆదివారం దొరక్కపోతే సోమవారం టీచర్‌తో చెప్పేస్తా, వేరేవాళ్ళని పెట్టుకోమని," అని తేల్చి చెప్పింది. అన్నంత పనీ చేసే రకం. ఆ మొండితనం ఎవరి పోలికో అని తండ్రి అడగబోయి, భార్య ముఖం చూసి ఆగిపోయాడు.

మొదటి కొట్లో పిల్లల విభాగానికి వెళ్ళారు. అమ్మే అమ్మాయి "ఎన్నేళ్ళ పాపకి మేడమ్?" అంది. పన్నెండు అనగానే చిట్టిని ఎగాదిగా చూసి, లోపలికెళ్ళి ఒక మోపు గౌన్లు తెచ్చి కుప్ప పోసింది. ఒకదాని మీద తళుకుల పిల్లిబొమ్మ. పైకి నిమిరితే కళ్ళు మూస్తుంది, కిందికి నిమిరితే తెరుస్తుంది. ఇంకోదానికి వీపు మీద సీతాకోకచిలుక రెక్కలు. మూడోదానికి మెడ నుంచి అంచుదాకా కుచ్చులే కుచ్చులు, మధ్యలో పిల్లను ఎక్కడ పెట్టాలో తెలియదు.

"ఈ పిల్లిబొమ్మ గౌనుకి పర్సు ఫ్రీ మేడమ్."

"పాలసీసా కూడా ఇస్తారేమో అడుగమ్మా," అంది చిట్టి.

అమ్మే అమ్మాయి నవ్వలేదు. "అయితే లేడీస్‌లో చూసుకోండి," అని గౌన్లు మడతపెట్టడం మొదలెట్టింది.

రెండో కొట్లో లేడీస్‌లోనే చూశారు. అక్కడ ఒక కుర్రాడు అన్నింటికన్నా చిన్న సైజు తీస్తానని తీశాడు. మొదటిదానికి ముందు వైపు బాగానే ఉంది, వెనక్కి తిప్పితే రెండు తాళ్ళు.

"మిగతా గుడ్డ ఏది బాబూ?"

"అంతే మేడమ్. మోడలే అది."

రెండోదాని ఛాతీ మీద ఇంగ్లీషులో ఏదో రాసి ఉంది. చిట్టి అది చదివి, చెవులదాకా ఎర్రబడి, తిరగేసి బల్ల మీద పడేసింది. మూడోది వంటికి అతుక్కుని ఊపిరి కూడా లెక్కపెట్టుకుని పీల్చాల్సిన రకం. అట్టలమ్మ తల అడ్డంగా ఊపితే, ఆ కుర్రాడు పెద్ద మనసుతో "పాప పెద్దమ్మాయిలాగే కనబడుతుంది కదా మేడమ్, పర్లేదు," అన్నాడు.

అట్టలమ్మకి చిర్రెత్తుకొచ్చింది. "ఎలా కనబడుతుందో నిన్నడిగానా? దానికి పన్నెండేళ్ళు. అవీ నిండలేదు. పన్నెండేళ్ళ పిల్ల వేసుకునే బట్ట ఉందా లేదా, అది చెప్పు!"

కొట్టంతా ఇటు తిరిగి చూసింది. చిట్టి సంచిని ఇంకాస్త గట్టిగా గుండెకు అదుముకుని, ఎవరో ముక్కూమొహం తెలియని మనిషితో వచ్చినదానిలా నాలుగడుగులు దూరం జరిగి నిలబడింది.

బయటికొచ్చాక మొగుడు ఫోన్ చేశాడు. లిఫ్టులు బాగుచేసే పని ఆయనది. ఆదివారం కూడా ఏదో ఆసుపత్రిలో ఆగిపోయిన లిఫ్టు దగ్గరున్నాడు.

"దొరికిందా? ఇంతసేపేంటే? ఏదో ఒకటి కొనెయ్యరాదూ."

"ఆ ఏదో ఒకటి ఎక్కడ దొరుకుతుందో చెప్పండి, అదే కొంటాను," అని ఫోన్ పెట్టేసింది.

పాపం, ఆయన మీద చూపించాల్సిన కోపం కాదది. మరి అందుబాటులో ఉన్నది ఆయనేగా.

మూడో కొట్లో, నిజం చెప్పాలంటే, అదృష్టం కలిసొచ్చినట్టే కనబడింది. నీలం రంగు గౌను. బొమ్మల్లేవు, రెక్కల్లేవు, కుచ్చుల్లేవు. చిన్న కాలరు, ముందు వైపు నాలుగు బొత్తాలు. లోపలి చీటీ మీద పన్నెండు అని ఉంది. చిట్టి దాన్ని రెండుసార్లు తిప్పి చూసి, ఏమీ అనకుండా ట్రయల్ రూమ్‌లోకి వెళ్ళింది. ఏమీ అనలేదంటే నచ్చినట్టే. అట్టలమ్మ బయట స్టూలు మీద కూలబడి, హమ్మయ్య అనుకుంది.

అయిదు నిమిషాలైంది. పదైంది.

"అయిందా?"

తలుపు తట్టింది.

"ఏమేవ్, నిన్నే!"

తలుపు రెండంగుళాలు తెరుచుకుంది. "లోపలికి రా. నువ్వొక్కదానివే."

లోపల చిట్టి అద్దానికి వీపు పెట్టి నిలబడి ఉంది. గౌను నడుం కుట్టు నడుం దగ్గర లేదు, పక్కటెముకల మీద కూర్చుంది. ఛాతీ దగ్గర బొత్తాల మధ్య గుడ్డ నోళ్ళు తెరుచుకుంది. చంకల్లో బిగిసిపోయి భుజాలు పైకి లేచాయి. చిట్టి మైకు పట్టుకున్నట్టు కుడిచెయ్యి ఎత్తి చూపించింది. చెయ్యితో పాటు గౌనూ పైకి లేచింది. ఎడమచేత్తో అంచు కిందికి లాక్కుంది.

"చూశావా? నేనే తేడాగా ఉన్నాను," అంది. "దీని మీద పన్నెండని రాశారు. నాకు పన్నెండే. మరి నాకెందుకు పట్టదు? అందరికీ పట్టేది నాకే పట్టదు."

అప్పటికి గానీ ఆ తల్లికి అర్థం కాలేదు. ఈ తొమ్మిది నెలల గూను, ఆ చివరి బెంచీ, గుండెకు హత్తుకున్న సంచీ, అన్నింటి వెనకా ఉన్నది ఇదేనని. గౌను సంగతి తర్వాత, పిల్ల తన ఒళ్ళే తప్పని నమ్మి కూర్చుంది!

"ఉండు, లోపల గుడ్డ వదిలారేమో చూస్తా, విప్పి వదులు చేద్దాం," అని అలవాటు చొప్పున పక్క కుట్టు తిరగేసింది. కుట్టు లోపలి అంచున, చంక కింద, పక్కపక్కనే రెండు చిన్న గాట్లు.

చేతులు అక్కడే ఆగిపోయాయి.

ముక్కకి ముక్క ఎక్కడ కలిపి కుట్టాలో తెలియడానికి అట్ట అంచున గాటు పెడతారు. చంక కింద అందరూ ఒక గాటే పెడతారు. రెండు పెట్టేది ఆమె ఒక్కతే. కొట్టు వేరు, చీటీ మీద కంపెనీ పేరు వేరు. అయితేనేం, కంపెనీ వాళ్ళు ఒకే గౌనుకి అయిదు పేర్ల చీటీలు కుట్టి అయిదు కొట్లకు పంపుతారని ఆమెకు తెలియదా? కుట్టేది వేరే షెడ్డు కాబట్టి పూర్తయిన గౌన్లు ఆమె కంటబడవు. చిట్టికి ఎనిమిదేళ్ళు వచ్చేదాకా కంపెనీలో మరకబడ్డ పీసులే తెచ్చి వేసేది, అచ్చు కొలిచి కుట్టినట్టుండేవి. ఆ తర్వాత కంపెనీ అవి ఇవ్వడం మానేసింది, పిల్లకు యూనిఫాం, ఇంట్లో నైటీ. అలా గడిచిపోయింది.

ఆమెకు కంపెనీలో పేరు తెచ్చిన కిటుకు ఒకటుంది. ఎనిమిదేళ్ళ పిల్ల అట్ట ఒకటి నిక్కచ్చిగా కోసి పెట్టుకుంది. పదేళ్ళకి దాని చుట్టూ అర అంగుళం, పన్నెండేళ్ళకి ఇంకో అర అంగుళం పెంచుకుంటూ పోవడమే. ఒక్క అట్టతో అన్ని సైజులూ! బోలెడు పని తగ్గిందని మేనేజరు అందరి ముందూ చప్పట్లు కొట్టించాడు. కొత్తగా చేరిన ప్రతివాళ్ళకీ ఆమె ఆ కిటుకు గొప్పగా నేర్పింది కూడా. పన్నెండేళ్ళ పిల్లంటే చుట్టూ సాగదీసిన ఎనిమిదేళ్ళ పిల్ల కాదని, నడుం కిందికి దిగుతుందని, భుజాలు విచ్చుకుంటాయని, ఛాతీ వస్తుందని ఆమెకు తెలియక కాదు. ఆమె కూడా ఒకప్పుడు పన్నెండేళ్ళ పిల్లే. కానీ అట్టలు ఎదురు చెప్పవు. ఇరవై రెండేళ్ళలో ఒక్క అట్ట కూడా నాకు చంకలో బిగుతుగా ఉందని ఏడవలేదు.

"ఎవరు చేశారో గానీ," అంది చిట్టి ముక్కు ఎగబీలుస్తూ, "వాళ్ళింట్లో నాలాంటి పిల్ల ఉండి ఉండదు."

కొట్టు వాళ్ళని నాలుగు తిట్టి బయటపడొచ్చు. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది కూడా.

"ఉంది," అంది అట్టలమ్మ. "దీని అట్ట కోసింది నేనే. తప్పు నీ ఒంట్లో లేదు చిట్టీ, నా అట్టలో ఉంది."

చిట్టి ఊరుకుంటుందనుకుంటే పొరపాటు.

"నువ్వా? మరి నన్ను రోజూ చూస్తూనే ఉన్నావుగా!"

అట్టలమ్మ గౌను మడిచి కొట్టువాళ్ళకి తిరిగిచ్చేసింది. దారిలో బస్సులో పిల్ల తల్లి పక్కన కాకుండా వేరే సీట్లో కూర్చుంది. ఇంటికి రాగానే తల్లి టేపు తీసి "నిలబడు, కొలతలు తీస్తా," అంటే మాత్రం వచ్చి నిలబడింది. "బుధవారం దాకా ఆగుతా. అప్పటికీ కాకపోతే టీచర్‌తో చెప్పేస్తా," అంది.

బీరువాలో ముదురాకుపచ్చ గుడ్డ నాలుగు మీటర్లు ఉంది. సోమవారం పని నుంచి రాగానే కోసి, ఇంటి మిషన్ మీద కుట్టి, మంగళవారం సాయంత్రం తొడిగించింది. పొడుగు చేతులు, మెడదాకా బొత్తాలు, ఎటు చూసినా మూడేసి అంగుళాల వదులు. ఎక్కడా పట్టేది లేదు, ఏమీ తెలిసేది లేదు. తన పనికి తనే మురిసిపోయి రెండడుగులు వెనక్కి వేసి చూసింది.

"సంచిలా ఉంది," అంది చిట్టి.

"సౌకర్యంగా ఉంటుందని చేశానే."

"నన్ను దాచేద్దామని చేశావు."

"నోర్ముయ్. ఎంత మాట!"

"దాక్కోవాలనుకుంటే నాకు యూనిఫామే ఉందిగా. ఇంక స్టేజి ఎందుకమ్మా?"

అట్టలమ్మకు ఒళ్ళు మండిపోయింది. బిగుతైతే ఏడుపు, వదులైతే ఎత్తిపొడుపు! ఇదిగో, రెండు రోజులు మెడ విరిగేలా వంగి కుడితే దక్కిన మెప్పు ఇది. గిన్నెలన్నీ మోగించి, తలుపులన్నీ ధనాధనా వేసి, ఇంకెప్పుడూ నీకు సూదిలో దారం కూడా ఎక్కించను అని ఒట్టు పెట్టుకుంది. మొగుడు ఎందుకైనా మంచిదని లిఫ్టు పేరు చెప్పి బయటికి జారుకున్నాడు. అరగంటైంది. కోపం చల్లారాక గౌను ఒళ్ళో వేసుకుని చూస్తే, పిల్ల చెప్పింది అక్షరాలా నిజం. ఎదిగే పిల్లను చూసి కంగారుపడి గుడ్డ కప్పేసింది. కంపెనీలో చూడనట్టు ఊరుకుంది, ఇంట్లో కనబడకుండా చేయబోయింది.

"ఇలా రావే," అని పిలిచింది. "నీకెలా కావాలో చెప్పి చావు."

చిట్టి నోటుపుస్తకంలో అప్పటికే బొమ్మ గీసి పెట్టుకుంది. మోకాళ్ళ కిందికి పొడవు, మోచేతుల దాకా చేతులు, వెడల్పు కాలరు, నడుం నడుం దగ్గరే. కుచ్చు ఒక్కటి కూడా వద్దు. పక్కల్లో రెండు జేబులు.

"జేబులు పెడితే తుంటి దగ్గర ఉబ్బుతుంది. బాగోదు."

"మరి చేతులెక్కడ పెట్టుకోను?"

ఈ పిల్ల చేతులు తొమ్మిది నెలలుగా ఎక్కడుంటున్నాయో తల్లికి తెలుసు, ఛాతీకి అడ్డంగా. బ్లేడు తీసుకుని కుట్లు విప్పడం మొదలెట్టింది. ఆ రాత్రీ, మర్నాడు సాయంత్రం కుట్టింది. కూతురు పక్కనే కూర్చుని, ఇక్కడ ఒక అంగుళం, అక్కడ అర అంగుళం అని ప్రాణం తోడేసింది. ఇరవై రెండేళ్ళ సర్వీసున్న మనిషికి ఒక నోటుపుస్తకం ఎదురు పెట్టుకుని పాఠం చెప్పింది. చెప్పొద్దూ, సగం సరైనవే చెప్పింది.

బుధవారం రాత్రి తొడుక్కుని బీరువా అద్దం ముందు నిలబడింది. చెయ్యెత్తింది, దించింది, పక్కకి తిరిగింది. జేబుల్లో చేతులు పెట్టుకుంది. వీపు దానంతటదే నిటారైంది.

"సరే," అంది.

"సరేనా? నా నడుం విరిగితే సరేనా? బాగుందని ఒక్క మాట అంటే ముత్యాలు రాలతాయా?"

"బాగుందంటే నువ్వు మళ్ళీ ఏదో ఒకటి సరిచేస్తావు," అని లోపలికెళ్ళిపోయింది. వెళ్తూ వెళ్తూ నవ్విందని తండ్రి సాక్ష్యం చెప్పాడు.

శుక్రవారం సాయంత్రం బడి హాలు కిక్కిరిసిపోయింది. అట్టలమ్మ, మొగుడు మూడో వరసలో కూర్చున్నారు. చిట్టి స్టేజి మీదికొచ్చి మైకు అందుకుని మొదటి పేరు పిలిచింది. హాలు చివర గోడకు తగిలి వెనక్కి వచ్చింది ఆ గొంతు. తండ్రి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

బహుమతుల పిల్లలు ఒక్కొక్కరే మెట్లెక్కి వస్తున్నారు. లెక్కల్లో ఫస్టు వచ్చిన పిల్ల వచ్చింది. గులాబీరంగు గౌను. కుడిచేత్తో బహుమతి అందుకుంటూ ఎడమచేత్తో అంచు కిందికి లాక్కుంది. అట్టలమ్మ నిటారుగా కూర్చుంది. పరుగుపందెం పిల్ల వచ్చింది, ఊదారంగు గౌను. భుజాలు ముడుచుకుని వచ్చి, కప్పు గుండెకు అడ్డం పెట్టుకుని దిగిపోయింది. బొమ్మలేసే పిల్లకు నడుం కుట్టు పక్కటెముకల మీదుంది. రంగులు వేరు, బొత్తాలు వేరు, చీటీలూ వేరే అయి ఉంటాయి. కోత ఒకటే. ఆ పైన కూతురు ఏం చదివిందో ఆమె చెవికెక్కలేదు. వచ్చినవాళ్ళలో పదీ పన్నెండేళ్ళ ఆడపిల్లలు పదకొండు మంది, అందులో ఎనిమిది మంది ఒంటి మీద తన అట్టలే ఉన్నాయి.

సభ అయిపోగానే చిట్టి జేబుల్లో చేతులు పెట్టుకుని ఎగురుకుంటూ వచ్చింది. "ఎలా చెప్పానమ్మా?"

"ఏమోనే, వినలేదు."

"వినలేదా? హాలంతా వింటే నువ్వొక్కదానివే వినలేదా?"

అట్టలమ్మ ఆ గౌన్ల పిల్లల వైపు చూపించింది. చిట్టి చూసింది. దానికి చెప్పక్కర్లేదు.

"నాకు చెప్పావుగా. వెళ్ళి వాళ్ళకీ చెప్పు."

"ఇంతమందిలోనా? పరువు పోదూ?"

"తొమ్మిది నెలలు నన్ను నేను తిట్టుకున్నానమ్మా. నీ పరువు ఒక్క పూట పోతే ఏం?"

తల కొట్టేసినట్టయింది. ఆ పిల్లతో వాదించి గెలవడం ఆమె వల్ల ఎన్నడూ కాలేదు. లేచి, జనంలోంచి దారి చేసుకుంటూ, హాలు మెట్ల దగ్గర వాళ్ళమ్మతో నిలబడ్డ ఊదారంగు గౌను దగ్గరికి వెళ్ళింది. పిల్ల కప్పు ఇంకా గుండెకు అడ్డంగానే పట్టుకుని ఉంది.

"చంకల్లో పట్టేస్తోందా తల్లీ?"

పిల్ల సిగ్గుపడిపోయి వాళ్ళమ్మ వెనక్కి నక్కింది. వాళ్ళమ్మే జవాబు చెప్పింది. "గౌనుకేం లేదండీ, కొత్తదే. ఇదే ఈమధ్య ఒళ్ళు చేసింది. తిండి తగ్గించమంటే వినదు."

"ఒళ్ళు చెయ్యలేదమ్మా, ఎదిగింది," అంది అట్టలమ్మ. గొంతు అనుకున్నదానికన్నా పెద్దగా వచ్చింది, అటూ ఇటూ తల్లులు తిరిగి చూశారు. చూస్తే చూడనీ. "ఈ గౌను కొలత తప్పు. నేను దీన్ని కుట్టిన కంపెనీలోనే అట్టలు కోస్తాను. పిల్లలు ఎక్కడ ఎదుగుతారో అక్కడ నేను పెంచలేదు. సోమవారం నుంచి మార్చి కోస్తాను. మా మేనేజరు ఏమంటాడో నాకు తెలియదు, మార్చి మాత్రం కోస్తాను. తిండి తగ్గించకండి."

ఆ తల్లి పిల్ల వైపు తిరిగి చూసింది. పిల్ల తల్లి వెనకనుంచి సగం బయటికొచ్చింది.

"అంటే నేను బాగానే ఉన్నానా అండీ?" అని అడిగింది.

"బాగున్నావు తల్లీ," అంది అట్టలమ్మ.